నూట నలభై రెండు

కొండపి ఆస్పత్రిలో తొమ్మిదో తారీఖు.
గర్భిణీల రోజు.
మార్చి కదా, పదకొండింటికే రేకుల కింద గాలి
బ్యారన్ పొయ్యి ముందు నిలబడ్డట్టుంది.
బెంచీ నుంచి మెట్ల దాకా చెప్పులు,
చెప్పుల అంచుల్లో నల్లరేగడి.

నేను రెండో ఏడాది. ఒంగోలు నుంచి ఏడున్నర బస్సు.
కోటు జేబులో టేపు, పెన్ను,
రాత్రి చదివి సగం మరిచిన నాలుగు పట్లు.
రబ్బరు బొమ్మ మీద అన్నీ సరిగ్గానే వచ్చాయి.
రబ్బరు బొమ్మకు చక్కిలిగింతలుండవు.

"పేరు?"
"మాలకొండమ్మ."
"చివరిసారి నెలసరి ఎప్పుడు?"
గోడ మీది క్యాలెండరు వైపు ఆమె చూడనే లేదు.
"మఖ కార్తె పుట్టిన మూడోనాడు.
పొగనారు పోశాం.
సాయంత్రం వాన కొట్టి సగం మడి పోయింది,
నడుం పట్టేసి నేను గట్టు మీదే కూచున్నా."
నా పెన్ను గాల్లో ఆగింది.
పక్క బల్ల దగ్గర సలోమి సిస్టర్
సూది నుంచి తల ఎత్తకుండానే అంది:
"ఆగస్టు పందొమ్మిది రాసుకో."

తొమ్మిది నెలలు, ఏడు రోజులు. వేళ్లు మడిచాను.
"మే ఇరవై ఆరు" అన్నాను, గొప్పగా.
"రోహిణిలోనా!" అంది మాలకొండమ్మ,
"రోళ్లు పగిలే ఎండలో వస్తదా ఇది!
వాళ్ల నాయన మొండితనమే."

తెర లాగాను. చేతులు రుద్దుకున్నాను.
పొట్ట మీద టేపు: ఇరవై ఎనిమిది.
ఇక్కడ తల, ఇక్కడ వీపు, అనుకున్నాను.
అనుకోవడమే.
గొట్టం ఆనించి చెవి పెట్టాను.
వినిపించాయి,
బయట ఆటో హారను, చీటీల దగ్గర తగువు,
ఆమె కడుపులో పొద్దుటి సద్ది కదలడం,
నా గుండె.
నా గుండె చాలా గట్టిగా.

ఇంకా పద్దెనిమిది మంది ఉన్నారు.
రాశాను: నూట నలభై రెండు.
గుండ్రంగా నూట నలభై అయితే అనుమానం వస్తుందని
రెండు కలిపాను.
ఆ రెండు దగ్గరే తెలిసింది
నేనెంత తెలివైనదాన్నో.

"బాగుందా పాపా?" అంది లేస్తూ.
"బాగుంది" అన్నాను.

తర్వాత ముగ్గురిని చూశాను.
నాలుగో ఆమెను కూర్చోమని పరిగెత్తాను.
మందుల కిటికీ దగ్గర లేదు.
నీళ్ల ట్యాంకు దగ్గర లేదు.
గేటు బయట ఆటోలో, నలుగురు కూలీల మధ్య,
ఐరన్ మాత్రల అట్ట కొంగున ముడేస్తూ.
"అక్కా, ఇంకోసారి రావా.
నాకు వినపడలా. ఊరికే రాశా."

ఆటో అబ్బాయి విసుక్కున్నాడు.
ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది,
కోపం కాదు,
ఆకు పచ్చిదో పండిందో తేల్చే చూపు.
దిగింది.

మళ్లీ తెర. మళ్లీ బల్ల.
ఈసారి ఆమే నా చెయ్యి పట్టుకుంది.
కర్రకు ఆకు అల్లి అల్లి బంక పట్టిన వేళ్లు,
సబ్బుకు పోని చేదు.
"రాత్రిళ్లు ఎడమపక్క తంతాది.
అంటే వీపు ఇటుంటది గదా. ఇక్కడ పెట్టు."
బొడ్డుకు కుడిపక్క, నాలుగు వేళ్లు కిందికి.
ఊపిరి బిగబట్టింది. నేనూ.

మొదట ఏమీ లేదు.
దిండు కింద గడియారంలా ఉంటుందని పుస్తకంలో రాశారు.
కాదు.
అర్ధరాత్రి కరెంటొస్తే
రెండు చేల అవతల మోటారు అందుకుంటుందే,
అది.
నిమిషం మొత్తం లెక్కపెట్టాను.
నూట ముప్పై ఆరు.
పైకే లెక్కపెట్టానట, నవ్వుతూ ఆమె చెప్పింది.

కార్డు మీద పాత అంకె అడ్డంగా కొట్టేసి
పక్కన కొత్తది, నా పొడి సంతకం.
సలోమి సిస్టర్ కొట్టివేత చూసింది,
నన్ను చూసింది,
"తర్వాత ఎవరు?" అంది.

సాయంత్రం బస్సులో ఒంగోలు దాకా
వేళ్లు వాసన చూసుకుంటూ కూచున్నా.
మధ్యలో చూసిన ముగ్గురివీ విన్నాను.
విన్నాననే అనుకుంటున్నా.
టంగుటూరు దాటాక పెన్ను తీసి
అరచేతిలో, బంక మరక పక్కన
వచ్చే తొమ్మిదికి రాసుకున్నా:
హసీనా, పెద్ద వెంగమ్మ, కరుణ.